పరీక్ష నెగ్గిన గుండు

ఇంకాస్త ఇటు జరగండి. చాటలు మధ్యలో పెట్టుకోండి, పప్పు ఒక పక్కకు, పొట్టు ఒక పక్కకు. చేతులు వొలుస్తూ ఉండాలి, చెవులు నాకివ్వాలి. నోటికి మాత్రం పని పెట్టకండి. ఇవి విత్తనపు కాయలు. ఎవరి దవడ కదిలినా కథ అక్కడికక్కడే ఆపేస్తాను.

పాలకుండ మూత మీద ఆ సీసపు బిళ్ళ ఏమిటి జేజీ అని నిన్న అడిగారు కదా. పిల్లి మూత తొయ్యకుండా బరువుకు పెట్టాను. దాన్ని తిరగేసి చూస్తే గుండ్రటి ముద్ర కనిపిస్తుంది. సర్కారు ముద్ర. అది పరీక్ష నెగ్గిన గుండు. ఈ ఇంట్లో సర్కారు పరీక్ష నెగ్గింది అదొక్కటే. నేను రెండో తరగతి నెగ్గలేదు, మా ఆయన, మీ అబ్బ, బడి గడపే నెగ్గలేదు.

అప్పటికి మీ నాయనకు ఇంకా పాలపళ్ళు. మాకు బోడికొండ కింద చేను ఉండేది. ఎర్రనేల, వేరుశెనగకు పుట్టినిల్లు. ఆ చేనికి ఉన్న ఒకే ఒక తెగులు అడవిపంది. కాయ పాలుపోసుకునే వాసన మనుషులకు రాదు, వాటికి కొండ మీదికి వస్తుంది. దిగి వచ్చి మూతితో సాళ్ళు సాళ్ళుగా తిరగదోడి, తిన్నంత తిని, తినలేనిది తొక్కి పోతాయి. అంతకు ముందు ఏడే ఒక పంది అడ్డంగా దూరి మీ అబ్బ మోకాలు తిప్పేసింది. ఆయన నులకమంచానికి అంటుకుపోయి సలహాలు ఇస్తూ ఉండేవాడు, చేను నా మీద పడింది. ఆ పంట పోతే ఏడాది తిండిగింజ లేదు, మళ్ళీ విత్తడానికి విత్తనం లేదు. మా అమ్మ పుట్టింటి నుంచి మూట కట్టి పంపిన విత్తనం అది. ఒక్క ఏడు తప్పితే వంశం తెగినట్టే.

ఊళ్ళో లైసెన్సు ఉన్న తుపాకి ఒక్కటే, దస్తగిరిది. పటాలంలో పనిచేసి వచ్చినవాడు. నన్ను అక్కా అనేవాడు, మీ అబ్బను బావా అనేవాడు. పందులు దిగాయని కబురు పెడితే చాలు, వచ్చి ఒక్క తూటా పేల్చేవాడు. ఒకటి పడేది, మిగతావి నెల రోజులు కొండ దిగేవి కావు.

తూటా అంటే మీకు తెలియదు. ఇత్తడి డొల్ల ఒకటి ఉంటుంది. అందులో కొలిచిన మందు పోసి, మూతికి గుండు పెట్టి నొక్కుతారు, కజ్జికాయలో పూర్ణం పెట్టి అంచు నొక్కినట్టు. కాల్చాక డొల్ల మన చేతిలో మిగులుతుంది. ఆ డొల్లను మళ్ళీ నింపుకోవచ్చు. గుండు మాత్రం కొత్తది కావాలి. గుండు ఒకసారి పోయిందంటే పోయిందే. ఈ ఒక్క ముక్క కొంగున కట్టుకోండి. ఈ కథలో ఇది తెలియనివాళ్ళంతా నెలనెలా జీతం తీసుకునేవాళ్ళే.

ఆ ఏడు సర్కారుకు రెండు పూనకాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి పొదుపు, ఇంకొకటి నాణ్యత. ఒక పూనకమైతే వేపమండతో దిగుతుంది. రెండూ కలిసి వస్తే దిగడానికి ఆఫీసు కట్టాల్సిందే. పొదుపు పూనకంలో ఏం చేశారంటే, ఏనాటి యుద్ధానికో చేయించిన గుండ్లను గోతాలతో చవగ్గా కొనేశారు. యుద్ధం అయిపోయింది కానీ గుండ్లు అయిపోలేదు. నాణ్యత పూనకంలో ఏం చేశారంటే, గురి పరీక్ష నెగ్గని గుండు ఎవరికీ ఇవ్వకూడదని హుకుం వేశారు. అంగళ్ళలో తూటాలు అమ్మడం ఆపేశారు. ఇక తూటా కావాలంటే సర్కారు గుండుతో చేత్తో కట్టుకోవాలి, ఆ గుండు పరీక్ష నెగ్గి ఉండాలి.

ఆ పరీక్షకు పెద్ద బయలు కావాలి, వెనక కొండ ఉండాలి. జిల్లా అంతా వెతికి నా చేను పక్కన ఉన్న బీడు చూసుకున్నారు. రేకుల షెడ్డు వేశారు, మట్టికట్ట పోశారు, బోర్డు పెట్టారు. గుండ్ల గురి నిర్ధారణ కేంద్రం. దాని మీద అధికారి పరాంకుశరావు గారు. ఎండలో కూడా కోటు విప్పని మనిషి. ఆయన కింద గుమాస్తా తిరుపాలు, పక్కనున్న టౌను పిల్లవాడే, ఒళ్ళంతా భయభక్తులు.

ప్రారంభం రోజు ఊరంతా పోయాం. పరాంకుశరావు గారు కుర్చీ మీద కాకుండా బల్ల మీద ఎక్కి మాట్లాడారు.

“సోదర సోదరీమణులారా. ఇతఃపూర్వము ఈ ప్రాంతమున గుండు పేలుట జరిగినది గాని, సదరు గుండు ప్రామాణికముగా పేలుట జరగలేదు. నేటి నుండి ఆ లోపము సవరింపబడుచున్నది.”

చప్పట్లు కొట్టాం. ఏదో సవరిస్తామంటున్నాడు, పాపం, మన చేతికేం పోయింది.

గోతాం విప్పి గుండ్లు చూపించారు. కొన్ని రాగిరంగువి, కొన్ని నల్లవి, కొన్ని పచ్చగా బూజు పట్టినవి, కొన్ని ముక్కు వాలిపోయినవి. దస్తగిరి ఒకటి వేళ్ళ మధ్య తిప్పి చూసి నా చెవిలో అన్నాడు.

“అక్కా, ఇవి ఒక అమ్మ బిడ్డలు గావు. నాలుగైదు దేశాల గుండ్లు కలిపి తెచ్చినారు. ఒకదాని భాష ఇంకోదానికి రాదు.”

“పందికి తగిల్తే చాలు గదరా, భాషతో ఏం పని,” అన్నాను.

“తగలాలంటే ఒకే మాదిరివి ఏరుకోవాల. చూద్దాం, ఏరి ఇస్తారేమో.”

ఏరే పని తిరుపాలుకు పడింది. వాళ్ళ నిబంధన ఏమంటే, ఒకే బరువు, ఒకే రూపు ఉన్న గుండ్లన్నీ ఒక రాశి. రాశికి కనీసం ఒక గుండు తీసి కాల్చి చూడాలి. అది గురికి తగిలితే ఆ రాశి అంతా నెగ్గినట్టు. వినడానికి బాగానే ఉంది కదా. అన్నం ఉడికిందా అని ఒక మెతుకు పట్టి చూస్తాం, అట్లాంటిదే. కానీ తిరుపాలు నిజాయితీపరుడు. నిజాయితీపరుడి చేతికి చిన్న త్రాసు ఇవ్వకూడదు. వాడు టౌనుకు పోయి కంసాలి త్రాసు తెచ్చాడు, గురివింద గింజలు తెచ్చాడు, ఊపిరి బిగబట్టి ఒక్కో గుండునూ బంగారంలా తూచాడు. తూచి తూచి మొహం వేలాడేసుకుని పరాంకుశరావు గారి దగ్గరికి పోయాడు. నేను అప్పుడు కేంద్రానికి మజ్జిగ పోయడానికి పోయి ఉన్నాను, అంతా నా ఎదురుగానే జరిగింది.

“సార్, ఏ రెండు గుండ్లూ ఒక బరువు లేవు సార్. ఒక్కో గుండూ ఒక్కో రాశి అవుతాంది.”

“నిబంధన ఏమి చెప్పుచున్నది?”

“రాశికి కనీసం ఒకటి పరీక్షించాలని సార్.”

“పరీక్షింపుము.”

“రాశిలో ఉండేదే ఒకటి సార్.”

పరాంకుశరావు గారు మజ్జిగ గ్లాసు కింద పెట్టి ఆలోచించారు. మొహం విప్పారింది.

“అయినచో మరీ సులభము. ఏది ఎంపిక చేయవలెనను శ్రమ తప్పినది.”

అట్లా గోతాల్లో ఉన్న ప్రతి గుండునూ కాల్చి పరీక్షించాలని తేలింది. కాల్చేదెవరు? ఊళ్ళో తుపాకి పట్టేవాడు దస్తగిరి ఒక్కడే. వాడికి గౌరవ పరీక్షకుడు అని పేరు పెట్టి, మెడలో ఒక పట్టీ వేశారు. నా చేను కాపాడాల్సిన మనిషి, నా చేను పక్కనే బోర్లా పడుకుని, నా చేనికి రావాల్సిన గుండ్లన్నీ తెల్లారి నుంచి సాయంత్రం దాకా కాగితం మీదికి కాలుస్తున్నాడు. ఇంటికి పోతూ భుజం పట్టుకుని మా వాకిట్లో ఆగేవాడు. మీ అబ్బ మంచం మీద నుంచే మొదలుపెట్టేవాడు.

“ఏం బామ్మర్దీ, ఈపొద్దు కాగితాన్ని చంపితివా?”

“చంపితి బావా. కూరకు మాత్రం పనికిరాలేదు.”

“ఒక గుండు జేబులో వేసుకోని రాగూడదా? మీ యక్క చేను పందుల పాలైతాండాది.”

“యాడ బావా. కాల్చకముందు తీస్తే దొంగతనమంట. కాల్చినంక తీయను ఏముంటాది?”

మొదట గురికి పెట్టిన కాగితం బడిపలక అంత ఉండేది. అన్ని దేశాల గుండ్లు అన్ని దిక్కులకూ పోయాయి, పలకకు ఒక్కటీ తగల్లేదు. చవగ్గా కొన్న గుండ్లు తప్పాయని పైకి రాస్తే కొన్నవాళ్ళకు కోపం వస్తుంది. అందుకని గుండు తప్పలేదు, గురి చిన్నదైందని రాశారు. పలక తీసి తలుపంత పెట్టారు. తలుపు తీసి పెళ్ళిపందిరి గుడ్డ కట్టారు. చివరికి సున్నం బిందెలు తెప్పించి మట్టికట్ట మొత్తం తెల్లగా కొట్టించి, ఇదే గురి అన్నారు. ఆ రోజు నుంచి గుండ్లన్నీ నెగ్గడం మొదలుపెట్టాయి. కట్ట కూడా దాటిపోయినవి ఏవో కొన్ని ఉండేవి. వాటిని తప్పాయని అనలేదు. పరారీలో ఉన్నాయని రాసుకున్నారు.

మరి పందులు? పగలంతా ఢాంఢామని మోగుతుంటే కొండ మీదే కూర్చునేవి. అడవి జంతువైనా బుద్ధి ఉంటుంది. నాలుగు రోజుల్లోనే వాటికి ఆఫీసు వేళలు తెలిసిపోయాయి. తిరుపాలు షెడ్డుకు తాళం వేసి చెవి జేబులో వేసుకోవడం, పందులు కొండ దిగడం. ఆదివారాలు, పండగ సెలవులు పొద్దున్నే వచ్చేవి. సెలవుల పట్టిక నాకంటే వాటికే బాగా తెలుసు. దిగువ సాళ్ళు తిరగదోడేశాయి. కాయ ముదరడానికి ఇంకా కొన్నాళ్ళు ఉంది, అప్పటికి చేను మిగులుతుందా అని నాకు అన్నం సయించేది కాదు.

ఒకరోజు మజ్జిగ తీసుకుపోకుండా ఉత్త చేతులతో పోయాను.

“సామీ, ఒక్క గుండియ్యండి. దస్తగిరి డొల్ల ఆయప్ప దగ్గరే ఉండాది, మందుండాది. ఒక్క పంది పడితే మిగతావి దిగవు.”

“చూడమ్మా,” అన్నారు పరాంకుశరావు గారు, “పరీక్షింపని గుండు ప్రజలకు ఇచ్చుట నేరము.”

“అయితే పరీక్షించిందే ఇయ్యండి.”

ఆ మాట అంతవరకు ఎవరూ అడగలేదు. ఆయన తిరుపాలు వైపు తిరిగారు.

“పరీక్షలో ఉత్తీర్ణమైన గుండ్లు ప్రస్తుతము ఎక్కడ ఉన్నవి?”

“కట్టలో సార్.”

“కట్టలో ఏల ఉన్నవి?”

“కాల్చినాం గద సార్.”

“భద్రపరచవలసిన వానిని మట్టిలో ఉంచితివా? ఎంత నిర్లక్ష్యము.”

మరుసటి రోజు కూలీలను పెట్టి కట్ట తవ్వించారు. జల్లెడ పట్టించారు. గుండ్లు దొరికాయి. దొరకవు మరి? కానీ వాటి రూపం చూడాలి. కొన్ని అప్పచ్చుల్లా అణిగిపోయాయి, కొన్ని పుట్టగొడుగుల్లా విచ్చుకున్నాయి, కొన్ని నమిలి ఉమ్మేసిన వక్కల్లా ఉన్నాయి. తిరుపాలు భయపడుతూనే అన్నాడు.

“సార్, రూపం మారింది సార్.”

“నిబంధనలలో పరీక్షానంతర రూపమును గూర్చి ప్రస్తావన కలదా?”

“లేదు సార్.”

“లేని దానిని నీవు సృష్టింపకుము.”

ఇంకేం, పంపిణీ సభ పెట్టారు. షామియానా, మైకు, గులాబీ నీళ్ళు. నా మెడలో బంతిపూల దండ వేసి, ఇత్తడి పళ్ళెంలో నా వాటా గుండ్లు పోసి ఇచ్చారు. ఒక్కోదాని మీద ముద్ర, ఒక్కోదానికి ఒక కాగితం. ఈ గుండు గురిని తాకినదని ధ్రువీకరించడమైనది అని దాని మీద ఉందని దస్తగిరి చదివి చెప్పాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు చూడండి. తాకింది కాబట్టే కదా చచ్చింది.

దస్తగిరి నా పళ్ళెంలోకి చూసి తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు, చావు ఇంటికి పోయినట్టు.

“అక్కా, ఇవి గుండ్లు గాదు. గుండు పీనుగలు. పీనుగల్ను మళ్ళా యుద్ధానికి పంపిస్తారా యాడన్నా?”

ఆ మాట మైకు దగ్గర అన్నాడు, అదీ వాడు చేసిన తప్పు. పరాంకుశరావు గారు విన్నారు. తుపాకి తీసుకురమ్మన్నారు. అణిగిన గుండును డొల్ల మూతిలో పెట్టమన్నారు. పట్టలేదు. పక్కకు తిప్పి పెట్టమన్నారు. పట్టలేదు. సుత్తితో కొట్టమన్నారు. దస్తగిరి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

“సార్, దీన్ని బలమంతాన ఎక్కించి కాలిస్తే తుపాకి పగుల్తాది. దాంతోపాటు నా మొకం గుడ పోతాది. పెండ్లాం గుర్తుపట్టదు.”

“విషయము స్పష్టమైనది,” అన్నారు పరాంకుశరావు గారు. “గుండు పరీక్ష నెగ్గినది. నెగ్గిన గుండు ఏ తుపాకికి పట్టదో, ఆ తుపాకియే లోపభూయిష్టము. సదరు తుపాకిని స్వాధీనపరచుకొనడమైనది.”

తుపాకిని షెడ్డులో ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు. దస్తగిరి చేతిలో రసీదు పెట్టారు. వాడు దాన్ని చూస్తూ మా వాకిట్లో ఎంతసేపు కూర్చున్నాడో. మీ అబ్బ కూడా ఆ రోజు ఎగతాళి చేయలేదు. మొన్నటిదాకా ఊరికి తుపాకి ఉంది, గుండు లేదు. ఇప్పుడు ఊరినిండా గుండ్లున్నాయి, తుపాకి లేదు.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. అటక మీద చెయ్యి పెట్టి మా అమ్మ పేనిన వడిసెల తీశాను. మీరు చూశారు కదా, కలబంద నారతో రెండు తాళ్ళు, మధ్యలో అరచేతి అంత జోలె. జోలెలో రాయి పెట్టి, తల చుట్టూ తిప్పి, ఒక తాడు వదిలితే రాయి పోతుంది. పిట్టలు తోలడానికి మా పుట్టింట్లో ఆడపిల్లలందరికీ వచ్చు. పొద్దువాలే వేళకు మంచె ఎక్కి కూర్చున్నాను. ఎక్కాక గుర్తొచ్చింది, చేన్లో రాయి లేదు. పెళ్ళైన కొత్తలో నేనూ మీ అబ్బా ఒక్క రాయి మిగలకుండా ఏరి గట్టున పోశాం. దిగి తెచ్చుకుందామంటే అప్పటికే తిరుపాలు తాళాల చప్పుడు వినిపిస్తోంది, పందులు కొండ దిగుతున్నాయి. ముందు ఒక మగపంది, దున్నపోతు దూడంత ఉంది. మీ అబ్బ మోకాలు తిప్పింది అదే.

కొంగున కట్టిన మూట తగిలింది. సర్కారు గుండ్లు. ఒకటి జోలెలో పెట్టి తిప్పి వదిలాను. రాయి కంటే బరువు, చేతికి ఇంపుగా పోయింది. పోయి పోయి పంది పిర్ర మీద తగిలింది. అది పెట్టిన అరుపుకు మంచె ఊగింది. దానికి కొండ దారి తోచలేదు, సర్కారు దారి తోచింది. నేరుగా కేంద్రంలోకి దూరింది. సున్నం కొట్టిన కట్టను గుద్ది, సగం తెల్లపంది అయి, తాళం ఇంకా పడని షెడ్డులో ఈ వాకిలి నుంచి ఆ వాకిలికి పోతూ పరాంకుశరావు గారి టిఫిన్ క్యారియర్ మెడలో తగిలించుకుని పోయింది. ఆయన మళ్ళీ బల్ల ఎక్కారు. ఈసారి ఉపన్యాసం ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చారు. క్యారియర్ అడగడానికి వచ్చారేమో అనుకున్నాను.

“అమ్మా, నిన్నటి సదరు పందిని తాకినది మా కేంద్రపు గుండేనా?”

“మీదే సామీ. ముద్ర దాని పిర్ర మీద పడే ఉంటాది, పట్టుకోని చూసుకోండి.”

ఆయన మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. మందు లేకుండా, డొల్ల లేకుండా, తుపాకి లేకుండా గుండు గురి తాకిందంటే పొదుపుకు పొదుపు, నాణ్యతకు నాణ్యత. పైకి రాశారు. పైవాళ్ళు మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఊరుకుంటే వాళ్ళు పైవాళ్ళు ఎందుకవుతారు? ఇక మీదట వడిసెలలు కూడా పరీక్ష నెగ్గాలన్నారు. పరీక్షించని వడిసెల ఎవరి చేతిలోనూ ఉండకూడదన్నారు. తిరుపాలు ఊరంతా తిరిగి వడిసెలలు కేంద్రానికి తెచ్చి ఇవ్వమని చెప్పాడు. మా ఇంటికి వచ్చినప్పుడు నా మొహం చూడలేదు, గోడకు చెప్పాడు.

“పరీక్ష ఎట్ల చేస్తారు నాయనా?” అని అడిగాను.

“తెగేదాకా లాగాలక్కా. ఎంత లాగితే తెగిందో చూసి, అంత గట్టిదని ముద్రేసి ఇస్తాం.”

“అన్ని వడిసెలలూనా?”

“చేత్తో పేనినవి గదా. ఒక్కోటీ ఒక్కో రాశి.”

“తిప్పే చెయ్యి సంగతేంది? దాన్ని గుడ లాగుతారా?”

“చేతి విషయం రెండో విడతలో చూస్తామని సార్ అన్నారు.”

మీ అబ్బ మంచం మీద నుంచి అన్నాడు, “ఇచ్చెయ్. తెగినంక ముద్రేసి ఇస్తారు గదా. నీ చెయ్యి గుడ పెరికి ముద్రేసిస్తే దాన్నీ పాలకుండ మీద పెట్టుకుందాం.”

ఆయన నవ్వాడు, నాకు నవ్వు రాలేదు. కాయ గలగలమంటోంది. ఇంకొక్క వారం చేను కాపాడితే పీక్కోవచ్చు. ఆ వారానికి నాకున్నది ఆ నార తాళ్ళే. ఆలోచించాను. దస్తగిరి తుపాకి ఎట్లా పోయింది? వాడు వాళ్ళ మాటకు ఎదురు చెప్పాడు. వాళ్ళ మాటకు ఎదురు పోకూడదు, ముందు పోవాలి. పరుగెత్తే ఎద్దును ఆపలేం కానీ మన కళ్ళం వైపు మళ్ళించవచ్చు. వడిసెల కొంగు కింద పెట్టుకుని, మజ్జిగ చెంబు పట్టుకుని కేంద్రానికి పోయాను.

“సామీ, వడిసెల తెచ్చినా. ఒకటి అడగాల. మీ కాయిదంలో బలం పరీక్ష అని ఉండాదా, గురి పరీక్ష అని ఉండాదా?”

“ఇది గురి నిర్ధారణ కేంద్రము కావున గురి అనియే ఉండవలెను.”

“తెగేదాకా లాగితే గురి ఎట్ల తెలుస్తాది?”

ఆయన తిరుపాలు వైపు చూశారు. తిరుపాలు కాగితాల వైపు చూశాడు.

“వడిసెలకు కట్టను గురి పెట్టెదము,” అన్నారాయన.

“కట్ట కదలదు గద సామీ. పంది కదుల్తాది. కదలని దాన్ని కొట్టే వడిసెల నెగ్గిందని మీరు పైకి రాస్తే, రేపు పంది కదిల్తే మాట ఎవరికొస్తాది?”

మాట ఎవరికి వస్తుంది అనగానే ఆయన కోటు సర్దుకున్నారు.

“పందిని కేంద్రమునకు రప్పించవలెనా?”

“రప్పించేదెందుకు? నా చేన్లోకి అవే వస్తాయి. మీరు తాళం వేసినంక వస్తాయి.”

“కార్యాలయ వేళల అనంతరమా?”

“అవి సర్కారు పందులు గాదు గదా సామీ.”

తిరుపాలు గొంతు సవరించుకున్నాడు. వేళ దాటాక పని చేస్తే అదనపు భత్యం ఉందన్నాడు. అంతటితో తేలిపోయింది. నా చేను గురి పరీక్షా స్థలమని రాసుకున్నారు. కదిలే పందికి తగిలేవరకు పరీక్ష పూర్తి కాదని, పూర్తి అయ్యేవరకు వడిసెలలు తెంచకూడదని కూడా రాసుకున్నారు. నేను మజ్జిగ పోశాను.

ఆ సాయంత్రం నుంచి చూడాలి వైభోగం. నా చేను నాలుగు మూలలా నాలుగు మంచెలు, సర్కారు ఖర్చుతో. ఒక మంచె మీద కోటుతో పరాంకుశరావు గారు, ఒకదాని మీద తిరుపాలు, మిగతా వాటి మీద బంట్రోతులు. దస్తగిరిని మళ్ళీ పిలిచి నేర్పమన్నారు. వాడు ఏమీ తెలియనట్టు మొహం పెట్టి, వడిసెల తిప్పేటప్పుడు గట్టిగా కేకలు వేయాలి, లేకపోతే గురి కుదరదని నేర్పాడు. పరాంకుశరావు గారి మొదటి గుండు వెనక్కి పోయి తిరుపాలు గొడుగులో బొక్క పెట్టింది. రెండోది ఆయన సొంత బోర్డుకు తగిలి, గురి అనే మాట ఊడి పడింది. ఆయన హో అని, తిరుపాలు హా అని, పొద్దువాలింది మొదలు ఒకటే అరుపులు. పెట్రోమాక్సు లైట్లు, ఈలలు. ఊళ్ళో పిల్లతల్లులు కూడా ఉలిక్కిపడి లేచేవాళ్ళు.

ఇంకెక్కడి పందులు. కొండ ఆ పక్కకు దిగిపోయాయి.

ప్రతి పొద్దునా పైకి రిపోర్టు పోయేది. పందులు గైర్హాజరు, పరీక్ష వాయిదా. మూడు నాలుగు వాయిదాలు అయ్యాక పైవాళ్ళకు కోపం వచ్చింది, పందులకు నోటీసు ఇవ్వమన్నారు. తిరుపాలు మైదాపిండి ఉడికించి, కొండరాళ్ళ మీద నోటీసులు అంటించి వచ్చాడు. పిండి వాసనకు మేకలు నాకేశాయి. మేకలు నోటీసు అందుకున్నట్టు సంతకం చేయలేదు కాబట్టి మళ్ళీ అంటించారు.

ఈలోగా కాయ ముదిరింది. ఒక పొద్దున కూలీలను పిలుచుకుని చెట్టు పీకడం మొదలుపెట్టాను. పరాంకుశరావు గారు మంచె మీద నిద్ర లేచి చూసి కంగారుపడ్డారు.

“అమ్మా, పరీక్షా స్థలమును పీకుచున్నావేమి?”

“శుభ్రం చేస్తాండా సామీ. పైనుంచి ఎవరన్నా చూడను వస్తే, పరీక్ష జరిగే తావులో ఇంత చెత్త పెరిగిండాదేందని అడగరా?”

ఆయన తల పంకించి, కిందికి దిగి, సిబ్బందినంతా వరసలో నిలబెట్టి హుకుం ఇచ్చారు. తిరుపాలు, బంట్రోతులు, అందరూ వంగి సాళ్ళు పీకి, మన్ను దులిపి, కుప్పలు వేశారు. మధ్యాహ్నానికి చేను అద్దంలా ఉంది. కుప్పలు ఎక్కడ పెట్టాలమ్మా అని అడిగారు. మా కళ్ళం చూపించాను.

తర్వాత ఏమైందంటారా? బోసి చేన్లో వాళ్ళు ఇంకా కొన్నాళ్ళు మంచెలెక్కి పందుల కోసం చూశారు. గింజ లేని చేనికి ఏ పంది వస్తుంది? చివరికి కేంద్రాన్ని ఇంకో జిల్లాకు మార్చారు. దస్తగిరి తుపాకి బీరువాతో సహా బదిలీ అయింది. వాడు చచ్చేదాకా ఆ రసీదును కళ్ళకు అద్దుకుని, పండగనాడు నూనె రాసి తుడిచేవాడు. ఏంరా అంటే, నా దగ్గరుండే తుపాకి ఇదే గదక్కా అనేవాడు. నవ్వుతూనే అనేవాడు కానీ, అది నవ్వు కాదు.

వడిసెల అటక మీదే ఉంది. నా చెయ్యి నా దగ్గరే ఉంది, రెండో విడత ఇంకా రాలేదు. ఇప్పుడు మీరు వొలుస్తున్న కాయ ఎక్కడిదో తెలుసా? ఆ కళ్ళం కాయ పిల్లకు పిల్లకు పిల్ల. మా అమ్మ మూట కట్టి పంపిన వంశమే.

రేపు మీకూ పిల్లలు పుడతారు, విత్తనం వొలిచే పొద్దు వస్తుంది. అప్పుడు ఈ కథ చెప్పండి. పందిని ఇంకా పెద్దది చేసుకోండి, నన్ను ఇంకాస్త పొడుగు చేసుకోండి, నేనేం అనను. దస్తగిరిని మాత్రం మరిచిపోకండి. గుండు ఒకసారి పోయిందంటే పోయిందేనన్న మాట కూడా మార్చకండి. ఎవరైనా ముద్ర వేసిన సీసపు ముక్క పళ్ళెంలో పెట్టి, దండ వేసి ఇస్తే, కాదనకండి. తెచ్చి పాలకుండ మీద పెట్టుకోండి.